ఒక్క రోజు నడిస్తే అది వారీ అయితదా అక్కా?

ఈసారి ఉత్తరం మన సోలాపూర్ విడి ఘర్‌కుల్ నుంచే వచ్చింది, పండరిపురం విఠోబా కాడికి నడ్చి పోయే వారీ యాత్ర గురించి. పేరు పెట్టొద్దన్నది కాబట్టి పెడ్తలేను, జర కుదించి ఇక్కడ ఇస్తున్న.

"అక్కా, నాకు 49 ఏండ్లు. బీడీలు చుడ్త, పొద్దందాక కూసునే పనే. మా అత్తమ్మ 14 ఏండ్లు ఆషాఢం వారీ నడిచింది, ఆళంది నుంచి పండరి దాక. పోయిన కార్తీకంల కాలం చేసింది. ఆమె భజన తాళాలు నా దగ్గరనే ఉన్నయి. ఈసారి ఒక్క రోజన్న నడ్వాలని మనసుల పడ్డది. అన్ని రోజులు నాతోని కాదు, ఇల్లు ఆగిపోతది, మోకాళ్లు నొస్తయి, షుగర్ ఆరేండ్ల నుంచి ఉంది. వేలాపూర్ కాడ కలిసి ఒక్క రోజుల పండరి దాక నడ్చి, దర్శనం చేస్కొని రాత్రికి ఇల్లు చేరాలని అనుకుంటున్న. అయితదా? మా ఆయన ఏమో ఒక్క రోజు నడిస్తే అది వారీ ఎట్లయితది, ఊకె కాళ్లు పాడుచేసుకునుడు, బస్సుల పోయి దండం పెట్టుకొని రా అంటడు. మరాఠీ మాట్లాడ్త గానీ అభంగాలు ఒక్కటి రావు. ఏం చేయాలె?"

చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. నడువు. కానీ నువ్వు రాసిన లెక్క ప్రకారం నడ్వకు. వేలాపూర్ నుంచి భండీశేగావ్ సుమారు 21 కిలోమీటర్లు, అక్కణ్నుంచి వాఖ్రీ ఇంకో పది, వాఖ్రీ నుంచి పండరి ఐదారు. అన్నీ కలిపితే 36 దాక అయితది, ఆళంది నుంచి వచ్చే జ్ఞానేశ్వర్ మహారాజ్ పాల్ఖీ, అంటే ఆయన పాదుకల పల్లకి, దాన్ని మూడు రోజులు నడుస్తది. అలవాటున్నోళ్లు మూడు రోజులు తీస్కునే దారిని మోకాళ్ల నొప్పితోని ఒక్క రోజుల దాటాలంటే నువ్వు పాల్ఖీని వదిలేసి రోడ్డు పక్కకు ఒక్కదానివే ఉరకాల్సి వస్తది. అట్ల ఉరికినా దర్శనం దొరకదు, అది తర్వాత చెప్త.

నువ్వు మనసుల పెట్టుకున్నది తుల్జాపూర్ నడక అనిపిస్తుంది నాకు. మన సోలాపూరోళ్లందరం కోజాగిరి పున్నానికి నడుస్తం కదా, రాత్రి బయల్దేరి 45 కిలోమీటర్లు, ఎవరి కాళ్లు ఎవరివి, ఎవరి వేగం వాళ్లది, తెల్లారేసరికి అంబాబాయి గుడి. అక్కడ చేరుడే లెక్క. వారీ అట్ల కాదు. వారీల ఎవ్వరూ ఒక్కరే నడ్వరు, దిండీల, అంటే భజన గుంపుల, నడుస్తరు. ముందు కాషాయం పతాకాలు పట్టుకున్నోళ్లు, వాళ్ల వెనక తాళాలోళ్లు వరుసగ, మృదంగం, వీణ పట్టుకున్నాయన, ఆ వెనక తులసి కుండలు నెత్తిన పెట్టుకున్న ఆడోళ్లు. వీణ పట్టుకున్నాయన ఏ అభంగం ఎత్తుకుంటే దిండీ అంతా అదే, ఆయన ఆగితే అందరు ఆగుతరు. నీ కాలు నీ ఇష్టం కాదు అక్కడ, దిండీ ఇష్టం. మొదటిసారి పోయినోళ్లకు ఇది తిప్పల అనిపిస్తది, ఇంత నెమ్మదేంది ముందుకు పోదాం పా అనిపిస్తది, కానీ మోకాళ్ల నొప్పి ఉన్నోళ్లకు ఆ నెమ్మదే పెద్ద ఆసరా. దిండీ పక్కకు నడ్చుడు వేరే, దిండీల నడ్చుడు వేరే, నువ్వు ఒక్కటే రోజు నడుస్త అంటున్నవ్ కాబట్టి ఆ రోజు లోపలనే ఉండు.

కాబట్టి నేను చెప్పేది ఏందంటే భండీశేగావ్ నుంచి వాఖ్రీ నడువు. పది కిలోమీటర్లే. పంచాంగం చూస్తే ఎక్కువ ఏండ్లు అది నవమి నాడు పడ్తది, దశమి నాడు పాల్ఖీ పండరి చేరుతది, ఏకాదశి తెల్లారి. తిథి ఎచ్చుతక్కువైతే రోజు మారుతది, అందుకే ఆళంది సంస్థానం వాళ్లు ఏడాదికేడాది వేసే పట్టిక చూసే తేదీ పట్టుకో, ఎవరో చెప్పిన్రని బస్సెక్కకు. ఆ రోజు నడక చిన్నది కాబట్టి పాల్ఖీ తెల్లారంగనే లేవదు, మధ్యాహ్నం పూట బయల్దేరుతది. దారిల బాజీరావ్ విహీర్ దగ్గర రింగణ్ అయితది, అంటే జనం నడుమ గుర్రాలు ఉరికే వేడుక, నిలువు వరుసల ఉభే రింగణ్, గుండ్రంగ గోల్ రింగణ్ రెండూ అక్కడనే. తుకారాం మహారాజ్ పాల్ఖీ కూడ పిరాచీ కురోలీ నుంచి ఆ రోజే వాఖ్రీకే వస్తది, త్ర్యంబకం నుంచి నివృత్తినాథుడు, పైఠణ్ నుంచి ఏకనాథుడు, ముక్తాబాయి, సోపాన్ కాకా, అందరి పాల్ఖీలు వాఖ్రీలనే కలుస్తయి, పండరి నుంచి నామదేవుని పాల్ఖీ ఎదురొచ్చి తోల్కపోతది. అంటే నువ్వు నడ్చే పది కిలోమీటర్ల చివర్ల మహారాష్ట్ర అంతా ఒక్క ఊర్ల దిగినట్టుంటది. ఒక్క రోజే చేతిల ఉంటే నేనైతే ఇదే రోజు తీస్కుంట. పుణె వాళ్లు చానామంది ఒక్క రోజు అని పుణె నుంచి సాస్వడ్ నడుస్తరు, దివే ఘాట్ ఎక్కుతరు, అది మంచిదే గానీ పొడుగు, ఎక్కుడు, మన మోకాళ్లకు కాదు.

ఇంకోటి, పొద్దున పోయి నడ్చి రాత్రికి ఇల్లు చేరుడు అనే ఆలోచన తీసెయ్. ముందురోజు పొద్దున్నే భండీశేగావ్ చేరుకో. పాల్ఖీ సాయంత్రం వస్తది, ఒక్కసారి వచ్చిందంటే రోడ్డు మీద బండ్లు కదలవు. ఆ రాత్రి దిండీ గుడారంల పండుకో. పండుకునే ముందు సమాజ్ ఆరతి చూడు, అది చూడకుంట మాత్రం రాకు.

దాని గురించి జర చెప్పనీ. పాల్ఖీ విడిది చేరినంక దిండీలన్నీ చుట్టూ నిలబడ్తయి, వేల తాళాలు ఒక్కసారే మోగుతుంటయి, పక్కనున్న మనిషి మాట వినిపియ్యదు, రొమ్ముల మోగినట్టుంటది. అప్పుడు దిండీలను క్రమంల నడిపించే చోప్‌దార్ చేతిలున్న దండం పైకి లేపుతడు. అంతే. ఒక్క క్షణంల అన్ని తాళాలు ఆగిపోతయి. అంతమంది జనంల దూరంగ ఎక్కడ్నో చంటిపిల్ల ఏడుస్తుంటే అది వినిపిస్తది, అంత నిశ్శబ్దం. ఎవరన్న దిండీకి ఆ రోజు ఏదన్న అన్యాయం జరిగితే, నీళ్లు అందకపోతెనో వరుసల ఎవరన్న జొరబడితెనో, ఆ దిండీ ఒక్కటే తాళాలు ఆపదు, వాయిస్తనే ఉంటది. చోప్‌దార్ వాళ్ల దగ్గరికి పోయి విషయం అడుగుతడు, మాట్లాడి సముదాయిస్తడు, అప్పుడు ఆపుతరు. తర్వాత దొరికిన సామాన్లు, పోయిన సామాన్లు, తప్పిపోయినోళ్లు, రేపు ఎన్ని గంటలకు బయల్దేరుడు, అన్నీ చెప్పినంకనే ఆరతి. ఫిర్యాదు చేసుటానికి కూడ గొంతు లేపకుంట తాళం ఆపకుంట వాయించుడు, ఇంత అందమైన పద్ధతి నేను వేరే ఎక్కడ చూడలేదు. మీ అత్తమ్మ 14 ఏండ్లు ఆ నిశ్శబ్దంల నిలబడ్డది చెల్లె, నువ్వు కూడ ఒక్కసారి నిలబడు.

దిండీ ఎక్కడ దొరుకుతది అని భయపడకు. కొత్త దిండీ వెతికే పనే లేదు, మీ అత్తమ్మ దిండీయే ఉంది కదా. ఆమె పెట్టె తెరిచి చూడు, దిండీ ఇచ్చిన కార్డో, డబ్బులు కట్టిన రశీదో, ఫోన్ నంబర్లు రాసిన చిన్న పుస్తకమో తప్పకుంట ఉంటది, లేకపోతే ఆమెతోని పోయిన ఆడోళ్లు మీ గల్లీల ఒకరన్న ఉంటరు. ఫోన్ చేసి ఫలానా ఆమె కోడల్ని అని చెప్పు. అడగాల్సినయి మూడే: భండీశేగావ్‌ల మీ గుడారం ఎక్కడ పడ్తది, మీ ట్రక్కు నంబరెంత, రెండు రాత్రులకు తిండికి ఎంత ఇయ్యాలె. సామాన్లన్నీ ట్రక్కులనే పోతయి, నువ్వు మోసేది చిన్న సంచి ఒక్కటే. దిండీ నంబరు రాసుకునేటప్పుడు పాల్ఖీ రథం ముందా రథం వెనకా అనేది కూడ రాసుకో, ఇది చానామందికి తెల్వదు. రథం ముందు దిండీల లెక్క వేరే, వెనక వందల దిండీల లెక్క వేరే, ఒకే నంబరు రెండు దిక్కుల ఉంటది. నేను మొదటిసారి పోయినప్పుడు రింగణ్‌ల గుర్రం వెనక మట్టి కోసం ఉరికి మా వాళ్లతోని విడిపోయిన. నంబరైతే చెప్తున్న, ముందా వెనకా అని అడిగితే నోట మాట రాలేదు. రెండు గంటలు తిరిగిన, ఆఖరుకు రథం ముందున్న వేరే దిండీ ఆడోళ్లు కూసోబెట్టి చాయ్ పోసి ఒక పిల్లగాన్ని తోడిచ్చి పంపిన్రు. ఫోన్ ఉంది కదా అనుకోకు, అంత జనంల నెట్‌వర్క్ దొరకదు. పేరు, ఇంటి నంబరు, షుగర్ ఉంది అన్న మాట, దిండీ నంబరు, ఇవన్నీ ఒక చిట్టీ మీద మరాఠీల రాసి ప్లాస్టిక్ కవర్ల పెట్టి రవికెల పెట్టుకో.

ఇగ షుగర్ సంగతి. ఇది నేను గట్టిగనే చెప్త, కోపం చేస్కోకు. చెప్పులు లేకుంట నడ్వొద్దు. తుల్జాపూర్‌కు అందరం ఉత్త కాళ్లతోనే పోతం కాబట్టి వారీకి కూడ అట్లనే పోవాలె అనుకుంటరు మనోళ్లు. మా వదిన మొక్కు ఉందని ఉత్త కాళ్లతోని నడిచింది, తనకూ షుగరే. ఎండకు కాలిన తారు మీద అరికాలు బొబ్బలెక్కింది, తనకు తెల్వనే లేదు, షుగర్ చానా రోజులుంటే అరికాళ్లల్ల స్పర్శ తగ్గుతది కదా. రాత్రి కాళ్లు కడుక్కునేటప్పుడు నీళ్లు ఎర్రగ అయితే అప్పుడు చూసుకుంది. పుండు మానుటానికి రెండు నెలలు పట్టింది. దేవుడు కాళ్లు అడగలేదు చెల్లె. వెనక పట్టీ ఉండే సాండల్స్ కొనుక్కో, ఇప్పుడే కొను, వేస్కొని తిరిగి మెత్తగ చేస్కో, వారీ ముందురోజు కొన్న చెప్పులు మాత్రం వేసుకోకు. లోపల కాటన్ సాక్సులు, సంచిల ఇంకో రెండు జతలు. వాన పడ్తది, ఆ నెలల పడకుంట ఉండదు, తడిసిన సాక్స్ తోని నడ్వకు. ఎక్కడ కూసున్నా అరికాళ్లు తిప్పి కండ్లతోని చూస్కో, వేళ్ల మధ్యల కూడ. బొబ్బ వస్తే పగలగొట్టకు, దారి పొడుగునా ఆరోగ్య శాఖ వాళ్ల క్యాంపులు, అంబులెన్సులు ఉంటయి, పైస తీస్కోకుంట కట్టు కడ్తరు. చీరల నడిస్తే తొడలు ఒరుసుకుంటయి, ఎవ్వరూ చెప్పరు గానీ అది బొబ్బలకన్న మంట, లంగా కింద మోకాళ్ల దాక వచ్చే బిగుతు లెగ్గింగ్ వేస్కో, జర కొబ్బరినూనె రాసుకో.

తిండి విషయంల వారీల షుగర్ ఉన్నోళ్లకు ఆకలి ప్రమాదం కన్నా ప్రేమ ప్రమాదం ఎక్కువ. ప్రతి పది అడుగులకు ఒకలు చాయ్ ఇస్తరు, అరటిపండు, బిస్కిట్లు, బూందీ, శిరా. వద్దంటే బాధపడ్తరేమో అని తీస్కుంటం, ఒక్క మధ్యాహ్నంల ఆరు చాయ్‌లు తాగినం అనుకో, అందుల చక్కెర ఎంతో నువ్వే లెక్క చెయ్. చేతులు జోడించి "మావులీ, మధుమేహ్ ఆహే" అను, అంటే తల్లీ, షుగర్ ఉంది అని, ఎవ్వరూ ఏం అనుకోరు. మన కడక్ భాకరి, శేంగా చట్నీ కట్టుకొని పో, మూడు రోజులైనా ఏం కాదు వాటికి. దిండీ పంగతిల పిఠ్లా భాకరి పెడ్తరు, అది మంచిదే, కానీ ఎప్పుడు పెడ్తరో చెప్పలేం, ఒక్కోసారి మూడైతది. అందుకని గోలీ టైముకు కాదు, తిండి ముందల పెట్టుకొని వేస్కో. రోజూ వేస్కునే గోలీ అంత నడిచే రోజు అంతే వేస్కోవాల్నా తక్కువ చేయాల్నా అనేది మాత్రం నన్నడగకు, మీ డాక్టర్‌ను పదిహేను రోజుల ముందే అడుగు. నడుస్తుంటే చేతులు వణికి, చెమటలు పట్టి, కండ్లకు చీకట్లు వస్తే అది చక్కెర తగ్గినట్టు, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుంట బెల్లంముక్కనో గ్లూకోజో నోట్ల వేస్కొని కూసో, కొంగుకు కట్టుకొనే ఉంచు. నీళ్లు తాగు. ఆడోళ్లం చేసే పెద్ద తప్పు ఇదే, బాత్రూంకు ఎక్కడ పోతం అని నీళ్లు తాగుడు మానేస్తం. ఇప్పుడు సర్కారు మొబైల్ టాయిలెట్లు పెడ్తుంది, శుభ్రం గురించి నేను పొగడలేను గానీ ఉన్నయి, గుడారం దగ్గర తెల్లారక ముందే లేస్తే లైను తక్కువ. నడిచే రోజు నెలసరి వచ్చిందే అనుకో, సామాను దగ్గర పెట్టుకో, నడువు, దిండీల ఆడోళ్లు అందరు అట్లనే నడుస్తరు.

మోకాళ్ల కోసం ఇప్పట్నుంచే మొదలుపెట్టాలె. ఒళ్లె చాట పెట్టుకొని మఠం వేస్కొని పొద్దందాక కూసునే మనిషి ఒక్కసారే లేచి పది కిలోమీటర్లు నడిస్తే మోకాలు ఊకుంటదా? ఇంకా రెండు నెలలుంది. మే ఎండలల్ల పగలు వద్దు, పొద్దున ఐదున్నరకు కుంభారి రోడ్డు పట్టుకొని ఇరవై నిమిషాలు నడువు, వారం వారం పది నిమిషాలు పెంచు, ఆఖరుకు రెండు గంటలు ఆగి ఆగి నడిచే తాకత్ వస్తే చాలు. వారానికో రోజు అరగంట ఊకె నిలబడు కూడ, నవ్వకు, వారీల మోకాళ్లను సతాయించేది నడక కాదు, నిలబడుడే. ముందు దిండీ ఆగుతది, నువ్వు ఆగుతవ్, పది నిమిషాలు, పావుగంట, మళ్ల నాలుగు అడుగులు. పది కిలోమీటర్లకు సాయంత్రం అయితది అంటే అందుకే. విసావా, అంటే ఆరాం, అని చెప్పంగనే ఎక్కడుంటే అక్కడ కూసో, మంచి జాగ కోసం వెతుక్కుంట నిలబడకు, కాళ్లు చాపుకో. బీడీ చుట్టేటప్పుడు కూడ గంటకోసారి లేచి గల్లీ చివరిదాక పోయి రా, కట్టలు జర తక్కువైతయి, అయితే కానీ.

రింగణ్ దగ్గర ఏమైతదో చెప్తే ముందే తెలుసుకొని ఉంటవ్. గోల్ రింగణ్‌ల మధ్యల పాల్ఖీ, చుట్టూ గుండ్రంగ మనుషులు, ఆ రెండిటి నడుమ గుర్రాలు ఉరికే జాగ. రెండు గుర్రాలు, బెల్గాం దిక్కు అంకలి నుంచి శితోళే సర్దార్ల ఇంటి నుంచి వస్తయి. ఒక దాని మీద జెండా పట్టుకున్న సవారు ఉంటడు. రెండో దాని మీద జీను ఉంటది, మనిషి ఉండడు. అది మావులి గుర్రం, అంటే జ్ఞానేశ్వర్ మహారాజ్‌ది. ఖాళీ జీనుతోని ఆ గుర్రం సవారు గుర్రాన్ని దాటుకుంట ఉరికిందంటే ఆ మైదానం అంతా లేచి మొత్తుకుంటది. అది పోయినంక దాని డెక్కల కింది మట్టి తీసి నుదుట పెట్టుకుంటరు, అప్పుడు తోపులాట అయితది. నువ్వు ఉరకకు. మీ దిండీల కాళ్లు గట్టిగున్నోళ్లు తెచ్చి అందరికి పెడ్తరు, నీకూ పెడ్తరు. ఫోన్ల వీడియో తీసే పనిల వెనక్కి వెనక్కి జరగకు, అట్లనే పడ్తరు జనం. రింగణ్ అయినంక తాళాలు కొట్టుకుంట ఎగురుడు, ఫుగడీ ఆడుడు, 70 ఏండ్ల ముసలమ్మలు చేతులు పట్టుకొని గిరగిర తిరుగుతరు, నీ మోకాలు ఒప్పుకుంటే ఒక్క చుట్టు తిరుగు.

అభంగాలు రావు అని రాసినవ్. మా ఊర్లల్ల, అంటే మన తాతలు వదిలి వచ్చిన కరీంనగర్ దిక్కు, వరంగల్ దిక్కు పండరి భజన ఉంది కదా, మరాఠీ ముక్క రానోళ్లు కూడ అడుగులేసి పాడేటోళ్లు. నీకు "జ్ఞానోబా మావులీ తుకారాం" వస్తది, "జయ జయ రామకృష్ణ హరి" వస్తది, "విఠల విఠల" వస్తది, దారంతా సగం సేపు ఇవే. మిగిలిన సగం సేపు తాళం వేస్కుంట పెదాలు కదుపు, నాలుగోసారి వచ్చేసరికి పల్లవి నోటికి వస్తది. ఇంకోటి, అక్కడ అందరు నిన్ను మావులీ అంటరు, నీకన్న ఇరవై ఏండ్లు పెద్ద ముసలాయన వంగి నీ కాళ్లు ముట్టుకుంటడు. గాబరా పడకు, వెనక్కి జరగకు, నువ్వూ వంగి ఆయన కాళ్లు ముట్టుకో.

దర్శనం. ఏకాదశి ముంగట పాద దర్శనం లైను ఒక్కోసారి ఒక రోజు దాటిపోతది, షుగర్ ఉన్న మనిషి అందుల నిలబడొద్దు. ఇట్ల చెయ్. వాఖ్రీల ఆ రాత్రి దిండీతోనే పండుకో, దశమి నాడు పాల్ఖీ మధ్యాహ్నం దాటినంక కదులుతది, నువ్వు తెల్లారుజామున్నే లేచి, మీ దిండీల పండరి దిక్కు పోయే ఆడోళ్లు ఎవరన్న ఉంటరు, వాళ్లతోని కలిసి నెమ్మదిగ పో. ఆ ఐదారు కిలోమీటర్లు పొద్దున చల్లగుంటది. గుడి కలశం కనపడ్డ కాడ నిలబడి దండం పెట్టుకో, కలశ దర్శనం అయితే దర్శనం అయినట్టే అని వారీ నడిచే వారకరీలే అంటరు, లైనుల నిలబడకుంట కలశానికి మొక్కి తిరిగిపోయేటోళ్లు చానామంది. అక్కణ్నుంచి ఇంటికి రా. యాత్రల ఎస్టీ బస్టాండ్లు ఊరి బయట వేరే వేరే దిక్కుల పెడ్తరు, సోలాపూర్ బస్సు ఎక్కడ దొరుకుతదో పోయేటప్పుడే కండక్టర్‌ను అడిగి చిట్టీ వెనక రాసి పెట్టుకో. విఠోబా పాదాల మీద తల పెట్టాలని ఉంటే శ్రావణం దాటినంక మామూలు రోజు, బుధవారమో గురువారమో, మీ ఆయన్ని తోల్కొని పో. 70 కిలోమీటర్ల దూరమే కదా మనకు. ముందు చంద్రభాగల స్నానం, పుండలీకుడు, నామదేవుని పాయిరీ (మెట్టు), తర్వాత గుడి, తీరికగ చేస్కోవచ్చు.

ఇగ మా మరిది అన్న మాట, ఒక్క రోజు నడిస్తే అది వారీ ఎట్లయితది అని. ఆయన్ని తప్పు పట్టను, నీ కాళ్ల మీద భయంతోనే అన్నడు, ఈ కాయితం ఆయనకు చదివి వినిపియ్యి, చెప్పులు, గోలీలు, చిట్టీ అన్నీ చూస్తే సగం భయం పోతది. కానీ మాటకు జవాబు మాత్రం ఉంది. వారీ అంటే మళ్ల మళ్ల పోవుడు, ఏడాదికేడాది అదే టైముకు అదే దారిన. ఎన్ని కిలోమీటర్లు అనేది ఆ మాటల లేదు. తుకారాం మహారాజ్ కొడుకు నారాయణ్ మహారాజ్ 1685ల పాల్ఖీ పద్ధతి మొదలుపెట్టిన్రు, అంతకు ముందు కూడ జనం పోతనే ఉన్నరు, ఎవరు ఎక్కడ కలిస్తే అక్కణ్నుంచి. మన సోలాపూర్ మీదికెల్లే శేగావ్ గజానన్ మహారాజ్ పాల్ఖీ పోతది కదా, ఊర్ల వాళ్లు రెండు వాడలు దాక నడ్చి వెనక్కి వస్తరు, వాళ్లను ఎవరన్న కాదన్నరా? ఈ ఏడు పది కిలోమీటర్లు నడువు. వచ్చే ఏడు కూడ అవే పది నడువు. ఆషాఢం ఎండ వాన పడకపోతే కార్తీకంల కూడ వారీ ఉంది, చల్లగుంటది. మాల వేస్కోవాల్నా అని నువ్వు అడగలేదు, అయినా ఎవరో ఒకరు అంటరు కాబట్టి చెప్తున్న, తులసి మాల వేస్కుంటే మాంసం, మందు జీవితాంతం బంద్, అది తొందరల తీస్కునే నిర్ణయం కాదు. ఒక్క రోజు నడ్చుటానికి మాల అడగరు, ఆ వారం ఇంట్ల మటన్ వండకు చాలు.

తాళాల సంగతి ఆఖరుకు పెట్టిన. అవి తీసి ఒక్కసారి వెలుతుర్ల చూడు. 14 ఏండ్లు ఒకదాన్నొకటి కొట్టుకున్న ఇత్తడి కాబట్టి అంచు ఒక్క దిక్కు అరిగి పల్చగ అయి ఉంటది, మీ అత్తమ్మ చెయ్యి ఎటు వంగేదో అక్కడ తెలుస్తది. అరిగిన దిక్కుకు అరిగిన దిక్కే తగిలేటట్టు పట్టుకో, అప్పుడే మంచిగ మోగుతది. నడుమ దారం నూనెకు చెమటకు నల్లగ అయి గట్టిపడి ఉంటది, అది పాతది, జనంల టక్కున తెగితే తాళం కింద పడి ఎవరి కాళ్ల కిందికో పోతది, మళ్ల దొరకదు. కొత్త నూలు దారం ఎక్కియ్యి. పాతది పారెయ్యకు, మణికట్టుకు కట్టుకొని పో. ఇంట్ల రోజూ పావుగంట వాయించు, పట్టు దొరుకుతది, లేకపోతే గంటకే మణికట్టు నొస్తది. భండీశేగావ్‌ల గుడారం చేరంగనే మీ అత్తమ్మ పక్కకు నడిచిన ఆడోళ్లు ఆ తాళాలు గుర్తుపడ్తరు, చేతిలకు తీస్కుంటరు, ఏడుస్తరు కూడ, ఇయ్యి వాళ్లకు, ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు పట్టుకోనీ. మరునాడు ఆమె నడిచిన వరుసలనే నిన్ను నిలబెడ్తరు. ఇంటికి వచ్చినంక ముందు నీ కాళ్లు చూస్కో, తర్వాత తాళాలు తడి లేకుంట పొడిబట్టతోని తుడువు, చింతపండుతోని తోమకు, రింగణ్ మట్టి అంచుకు అంటి ఉంటది.